వీడియో ఆటల దుకాణములో కొలువు: విన్నపము వ్రాయు విధము

(లేఖారచన: ఉన్నత తరగతుల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును)

విద్యార్థులారా! మన పాఠ్యపుస్తకములలో లేఖారచన యను భాగము కలదు. సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు వ్రాయు లేఖ, పుస్తకములు పంపుమని పుస్తక విక్రేతకు వ్రాయు లేఖ, విహారయాత్రను వర్ణించుచు మిత్రునకు వ్రాయు లేఖ, వీనిని మీరు కంఠస్థము చేసియే యుందురు. వానివలన పరీక్షలో మార్కులు వచ్చును. కాని పాఠశాల విడిచిన పిమ్మట మీరు నిజముగా వ్రాయవలసి వచ్చు మొదటి లేఖ వీనిలో ఏదియు కాదు. అది కొలువు కోరుచు వ్రాయు విన్నపము.

ఆ విన్నపమును గూర్చి యిచట చెప్పదలచితిమి. ఉదాహరణమునకు తాలూకా కచేరీని గాని, బ్యాంకును గాని తీసికొనలేదు. పై తరగతులవారు మమ్ము పలుమారు అడుగుచున్న కొలువునే తీసికొంటిమి. అది వీడియో ఆటల దుకాణములో అమ్మకపు పని. హోసూరునుండి బెంగుళూరు సుమారు నలుబది కిలోమీటర్లే. అచటి పెద్ద అంగడి సముదాయములలో ఇట్టి దుకాణములను మన పిల్లలు చూచియున్నారు. పన్నెండవ తరగతి ముగిసి పై చదువునకు ముందు కొన్ని నెలలు పనిచేయవలెననియో, సాయంకాల కళాశాలలో చదువుచు పగలు పనిచేయవలెననియో వారి కోరిక. ఈ మాట వినిన తల్లిదండ్రులు కొందరు నవ్వుదురు. మాకు నవ్వు రాలేదు. లెక్క తప్పక సొమ్ము తీసికొని, వచ్చినవారికి కావలసినది తెలిసికొని, సరియైన వస్తువును చేతికిచ్చుట యే దుకాణములోనైనను గౌరవమైన పనియే.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. అర్జీ, దరఖాస్తు అను పదములు పారసీకము ద్వారా మనకు వచ్చినవి. మేము పొరుగు రాష్ట్రములో ఉపాధ్యాయ శిక్షణ పొందినప్పుడు దరఖాస్తు అనియే వ్రాసితిమి. ఈ ప్రాంతమునకు వచ్చిన పిదప విన్నపము అను మాటయే మాకు ప్రియమైనది. తమిళులు విణ్ణప్పం అందురు. పాత కన్నడములో బిన్నహ అను మాట కలదు. మూడును ఒక్క కుదుటినుండి వచ్చినవే. మూడు భాషల నడుమ పెరుగుచున్న మీకు ఈ మాట మూడిండ్లలోను చుట్టమే యని గుర్తుంచుకొనుడు. ఈ చుట్టరికముతో మనకు ముందు పని కలదు.

ఇక దుకాణము సంగతి. కొలువు కోరువాడు ఆ దుకాణములో ఏమి జరుగుచున్నదో తెలిసికొనక విన్నపము వ్రాయరాదు. అచట అమ్ముడగు ముఖ్యవస్తువు ఆటయంత్రము. దానిని కన్సోల్ అందురు. సోనీవారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్‌వారి ఎక్స్‌బాక్స్, నింటెండోవారి స్విచ్ అనునవి ప్రసిద్ధములు. (నింటెండో సంస్థ 1889లో జపానులోని క్యోటో నగరమున చేతిపేకలు చేయుటకు పుట్టినదని చెప్పిన మీరు ఆశ్చర్యపడుదురు.) యంత్రముతోపాటు ఆటల డిస్కులు, చేత పట్టుకొని ఆడు కంట్రోలర్లు, చెవులకు పెట్టుకొను హెడ్‌ఫోన్లు, తీగలు, ఛార్జర్లు అమ్ముదురు. కొన్ని దుకాణములు వాడిన డిస్కులను కొని, తుడిచి, పరీక్షించి మరల అమ్మును.

కొందరు పెద్దలకు "గేమ్" అనినంతనే డబ్బు పందెము జ్ఞప్తికి వచ్చును. ఆ భయము నిరాధారమైనది కాదు. పందెము కట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఒక చట్టమే చేసినది. కాని మేము చెప్పుచున్న దుకాణములో అమ్మునది పందెము కాదు. సినిమా డిస్కువలె ఒకమారు వెల యిచ్చి కొని ఆడుకొను ఆట. తల్లిదండ్రులు ఈ భేదమును గమనింపవలెను.

అట్టి దుకాణమునకు ఎవరు వత్తురు? ఆటలు బాగుగా తెలిసిన యువకులు వత్తురు. వారికి అమ్మువాని సహాయము అంతగా అక్కరలేదు. అమ్మువాని విలువ తెలియునది ఏమియు తెలియక వచ్చిన తల్లివలన. ఆమె కుమారుని పుట్టినదినము రేపు. ఒక కాగితముపై ఆట పేరు వ్రాసికొని వచ్చినది. క్రొత్తగా వెలువడిన పెద్ద ఆట డిస్కు వెల నేడు ఐదువేల రూపాయలకు చేరువగా నుండును. అమ్మువాడు పేరు చూచి డిస్కు చేతికిచ్చి సొమ్ము తీసికొనవచ్చును. ఇంటికి పోయిన తరువాత తెలియును, వారి యింటనున్నది డిస్కు పెట్టుటకు చోటే లేని యంత్రమని! ప్లేస్టేషన్ 5లో డిస్కు పెట్టునదియు, పెట్టనిదియు రెండు రకములు కలవు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అను యంత్రమునకు డిస్కు చోటు లేనేలేదు. ప్లేస్టేషన్ 4 కొరకు చేసిన డిస్కు, చోటున్న ప్లేస్టేషన్ 5లో సాధారణముగా ఆడును. 5 కొరకు చేసినది 4లో ఆడదు. కనుక మంచి అమ్మకపువాడు వెల చెప్పుటకు ముందు, "అమ్మా, మీ యింట ఉన్న యంత్రము ఏది? దానిలో డిస్కు పెట్టు సందు ఉన్నదా?" అని అడుగును. ఈ ఒక్క ప్రశ్నలో ఆ కొలువు యొక్క సారము సగము కలదని మా యభిప్రాయము.

మిగిలిన సగము పెట్టెపై నుండు అంకెలో కలదు. మన దేశములో అమ్ముడగు డిస్కులపై తరచుగా ఐరోపావారి పెగీ అను గుర్తు కనబడును. 2003లో మొదలైన ఈ పద్ధతిలో 3, 7, 12, 16, 18 అను అంకెలు కలవు. అమెరికావారు 1994 నుండియే వేరొక పద్ధతిలో అక్షరములు వాడుచున్నారు. ఈ అంకె ఆట యెంత కఠినమో చెప్పునది కాదు. ఏ వయస్సువారికి అందలి దృశ్యములు, మాటలు తగునో చెప్పునది. పన్నెండేండ్ల బాలుని తండ్రి 18 అంకె గల డిస్కును తీసికొనినప్పుడు, అమ్మువాడు ఆ అంకెకు అర్థము చెప్పి నిర్ణయము తండ్రికే విడువవలెను. అట్లు చెప్పిన నేటి అమ్మకము పోవచ్చును. అయినను ఆ తండ్రి మరల ఆ దుకాణమునకే వచ్చును.

"నాకు ఆటలనిన ప్రాణము" అని విన్నపము మొదలుపెట్టువారిని మేము పెక్కుమందిని చూచితిమి. మిఠాయి దుకాణమువాడు మిఠాయి యనిన ప్రాణము విడుచువానిని పనిలో పెట్టుకొనునా? ఆటలను గూర్చిన తెలివి అవసరమే. కాని దుకాణపువానికి కావలసినది ఆడువాడు కాదు, ఆడనివారికి ఓపికతో చెప్పగలవాడు. పెట్టెలు దింపి పట్టీతో సరిచూచుట, అరలు సర్దుట, నేల తుడుచుట, బిల్లు వేయుట, గంటలకొలది నిలిచియుండుట, ఇవియే దినమంతయు చేయవలసిన పనులు. ఆటలాడుటకు తీరిక దొరకదు.

ఇప్పుడు భాష సంగతికి వత్తుము. ఇది మాకు ముఖ్యమైనది.

మా పూర్వవిద్యార్థి యొకడు ఇట్టి దుకాణమునకు వ్రాసిన విన్నపమును సరిచూడుమని తెచ్చెను. అందు మాధ్యమము, మాతృభాష అను రెండు పంక్తులను కొట్టివేసి యుండెను. కారణ మడిగితిమి. "తెలుగు మీడియమని తెలిస్తే పక్కన పెట్టేస్తారు సార్" అనెను. ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేదు. ఏలయన అట్లు ప్రక్కన పెట్టువారు కొందరు కలరు. లేరని పిల్లలకు చెప్పుట అబద్ధమగును. కాని దాచుటవలన కలుగు ఫలమేమి? మార్కుల పట్టికలో మాధ్యమము అచ్చయి యుండును. పిలిచి మాటాడిననాడు అది బల్లపైకి వచ్చును. అప్పుడు దాచినవాడను అపవాదుకూడ తోడగును.

అంతకంటె బలమైన కారణ మొకటి కలదు. బెంగుళూరులో తెలుగు మాటాడువారు లక్షలలో నున్నారు. అనంతపురమునుండియు, చిత్తూరునుండియు కొనుటకు వచ్చువారు వేరు. తమిళులు కలరు. కన్నడిగులు ఎటులను కలరు. ఇట్టి ఊరిలో తెలుగు ఇంటి భాషగా, తమిళము పాఠశాలలో నేర్చిన భాషగా, కన్నడము సంతలోను బస్సులోను పట్టుబడిన భాషగా గల కుర్రవాడు, ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవానికంటె కొనువారిలో ఎక్కువమందితో మాటాడగలడు. మన పిల్లలు లోపమని కొట్టివేయుచున్న పంక్తియే దుకాణపువానికి పనికివచ్చు పంక్తి. అయితే దానిని వ్రాయు విధమున వ్రాయవలెను. "తెలుగు మాధ్యమము" అని ఊరకుండిన అది క్షమాపణవలె నుండును. ఏ భాషలో మాటాడగలరో, ఏది చదువగలరో, ఏది వ్రాయగలరో విడివిడిగా చెప్పినచో అది యోగ్యత యగును.

ఆ విద్యార్థి పంక్తులను మరల వ్రాసి పంపెను. ఆ దుకాణమునుండి పిలుపు రాలేదు. రెండు నెలలకు వేరొక దుకాణమునుండి వచ్చినది, అచట పనిచేసెను. దీనినిబట్టి సిద్ధాంతము కట్టుట తగదు. జరిగినది జరిగినట్లు చెప్పితిమి.

విన్నపమును దుకాణమునకు ఇంగ్లీషులోనే పంపవలసి యుండును. అయినను మొదట తెలుగున వ్రాసికొనుడని మా సలహా. ఇంగ్లీషున మొదలుపెట్టినవారు ఎచటనో చూచిన వాక్యములను ఎత్తి వ్రాయుదురు. తెలుగున మొదలుపెట్టినవారు తమ సంగతి వ్రాయుదురు. ఒక నమూనా చూడుడు.

"దుకాణ నిర్వాహకులవారికి,

అయ్యా,

మీ దుకాణమునకు అమ్మకపు సహాయకుడు కావలెనని ద్వారముపై నుంచిన ప్రకటనను చూచితిని. ఆ కొలువునకు నన్ను పరిశీలింప కోరుచున్నాను.

నాకు 18 ఏండ్లు నిండినవి. పదవ తరగతివరకు తెలుగు మాధ్యమమున చదివి, ఈ సంవత్సరము పన్నెండవ తరగతి ముగించితిని. తెలుగు నా మాతృభాష. తమిళము మాటాడుదును, చదువుదును, వ్రాయుదును. కన్నడము మాటాడుదును, చదువుట నేర్చుకొనుచున్నాను. ఇంగ్లీషులో కొనువారి ప్రశ్నలను గ్రహించి చిన్న వాక్యములలో బదులు చెప్పగలను.

రెండు వేసవి సెలవులలో మా చిన్నాయనగారి చిల్లర అంగడిలో సహాయము చేసితిని. వచ్చిన సరకును పట్టీతో సరిచూచుటయు, రాత్రి అంగడి మూయునప్పుడు పెట్టెలోని సొమ్మును చిట్టాతో సరిపోల్చుటయు నా పనులు.

ప్లేస్టేషన్ 4, 5 యంత్రములను వాడుట తెలియును. ఏ డిస్కు దేనిలో ఆడునో, పెట్టెపై వయస్సు అంకెకు అర్థమేమో కొనువారికి చెప్పగలను. కంప్యూటరుపై ఆడు ఆటలను గూర్చి నాకు తెలిసినది తక్కువ.

శని, ఆదివారములందును, పండుగ దినములందును పనిచేయుటకు సిద్ధముగా నున్నాను. నేను హోసూరునుండి బస్సులో రావలసినవాడను గనుక రాత్రి 9 గంటలలోపల ముగియు పనివేళ దొరకిన మేలు.

మీరు చెప్పిన దినమున వచ్చి కనబడుదును.

ఇట్లు,
(సంతకము, చిరునామా, ఫోను సంఖ్య)"

ఈ నమూనాలో లేనివానిని మొదట గమనింపుడు. "మాది మిక్కిలి బీద కుటుంబము, దయతలచి కొలువు ఇప్పింప ప్రార్థన" అను వాక్యము లేదు. పాతకాలపు అర్జీలలో అది తప్పక యుండెడిది. నేటికిని మన పిల్లల చేతికి అదియే ముందు వచ్చును. కష్టము నిజమే కావచ్చును. కాని కొలువు దానము కాదు. మీరు పని యిత్తురు, వారు జీతము ఇత్తురు. విన్నపములో వినయము ఉండవలెను, దీనత అక్కరలేదు. "నేను కష్టజీవిని, నిజాయితీపరుడను" అనియు ఇందు లేదు. రాత్రి పెట్టెలోని సొమ్మును చిట్టాతో సరిపోల్చితిననిన వాక్యము ఆ పనిని చేయుచున్నది. అంగడి స్వంత చుట్టములదైనను ఆ యనుభవము అనుభవమే, సంకోచింపక వ్రాయవచ్చును. తెలియనిదానిని తెలియదని ఒక్క వాక్యములో చెప్పుట చూచితిరా? మిగిలినవి నమ్మదగినవని చదువువానికి అనిపించుటకు అది చాలును. బస్సు సంగతి దాచక వ్రాసినందున పిలుపు తప్పిపోవచ్చునని కొందరందురు. పనిలో చేరిన వారమునకు తగవు వచ్చుటకంటె అదియే మేలు.

బాలికలు "సహాయకురాలు" అని వ్రాయుదురు; మిగిలిన దంతయు ఇదియే. ఈ కొలువు బాలురదే యను నియమ మెచటను లేదు.

పిలిచి మాటాడునప్పుడు అడుగు ప్రశ్నలు పెద్దవి కావు. "తెరచిన డిస్కును తిరిగి తెచ్చి సొమ్ము ఇమ్మని కోపించువానితో ఏమందువు?" అని అడుగవచ్చును. ముందు వినవలెను, బిల్లు చూడవలెను, దుకాణపు నియమమును మెల్లగా చెప్పవలెను, నిర్వాహకుని పిలువవలెను. తన చేతిలో లేని మాట ఇయ్యరాదు. "నీవు ఏ యాటలు ఆడుదువు?" అనిన ప్రశ్నకు మాత్రము మనవారు అరగంట చెప్పుదురు. రెండు పేర్లు, ఎందుకు నచ్చినవో ఒక్కొక్క వాక్యము, అంతటితో ఆపుడు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. పదునాలుగేండ్లు నిండని పిల్లలను దుకాణములో పనికి పెట్టుట చట్టవిరుద్ధము. 14 మొదలు 18 వరకు గలవారిని అపాయకరమైన పనులలో పెట్టరాదని 2016లో సవరించిన కేంద్రచట్టము చెప్పుచున్నది. దుకాణపు పని అట్టిది కాకపోవచ్చును. అయినను పన్నెండవ తరగతి ముగియువరకు పిల్లలను పంపకుడని మేము గట్టిగా చెప్పుదుము. హోసూరు దుకాణమునకు తమిళనాడు వారి 1947 నాటి దుకాణముల చట్టము, బెంగుళూరు దుకాణమునకు కర్ణాటక వారి 1961 నాటి చట్టము వర్తించును. పనివారు కూర్చుండుటకు ఆసనములు ఉండవలెనని తమిళనాడు ప్రభుత్వము 2021లో తన చట్టమును సవరించినది. దినమంతయు నిలువలేక కాళ్ళు వాచిన వారికి ఆ సవరణ విలువ తెలియును.

కొలువు ఇప్పింతుమని ముందుగా సొమ్ము అడుగువారు దుకాణపువారు కారు, మోసగాండ్రు. ఫోనులో "రిజిస్ట్రేషన్" అనియో, "యూనిఫారము" అనియో, "డిపాజిట్" అనియో రూపాయలు పంపుమనిన పంపరాదు. మార్కుల పట్టిక నకలు ఇయ్యవచ్చును, అసలు చూపవచ్చును. అసలును వారివద్ద ఉంచరాదు. అసలును వదలివచ్చి కళాశాల ప్రవేశమునాడు దానికొరకు తిరిగిన కుటుంబములు మాకు తెలియును. జీతము, పనివేళలు, వారపు సెలవు వ్రాసిన నియామకపత్రమును అడిగి తీసికొనుడు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక స్మృతులలో ఇది యజమాని విధిగా చెప్పబడినది. అడుగుట అమర్యాద కాదు.

ఈ వ్యాపారము శాశ్వతమా యని ఒక తండ్రిగారు మమ్ము ప్రశ్నించిరి. ఆటలను డిస్కులుగా కొనువారు తగ్గి, ఇంటినుండియే యంత్రములోనికి దింపుకొనువారు పెరుగుచున్నారు. 1984లో అమెరికాలోని డల్లాస్ నగరమున పుట్టిన చిన్న దుకాణమునుండి పెరిగిన గేమ్‌స్టాప్ అను పెద్ద సంస్థయే ఇటీవలి సంవత్సరములలో వందలకొలది దుకాణములను మూసివేసినది. కావున ఈ కొలువును జీవితాంతపు ఉద్యోగముగా తలచి చేరవద్దు. బిల్లు వేయుట, సరకు లెక్క, కోపించినవానితో మెల్లగా మాటాడుట, నాలుగు భాషలలో వెల చెప్పుట, ఇవి దుకాణము మూసినను మీతోనే వచ్చును. పుస్తకముల అంగడికి పోయినను, మందుల అంగడికి పోయినను అవి చెల్లును.

అభ్యాసము

1. నమూనాను చూడక, మీ స్వంత సంగతులతో ఒక విన్నపమును తెలుగున వ్రాయుడు. మీకు తెలిసిన భాషలను గూర్చి నాలుగు వాక్యములకు తగ్గకుండ వ్రాయుడు. చుట్టముల అంగడిలోనో, పాల కేంద్రములోనో, ఉత్సవములోనో మీరు చేసిన పని యొకదానిని అందు చేర్చుడు.

2. దానినే ఇంగ్లీషున వ్రాయుడు. తెలుగున ఉండి ఇంగ్లీషులోనికి రాని వాక్యము క్రింద గీత గీయుడు. ఆ గీతలను తరగతిలో చర్చింతుము.

3. మీ తల్లిగారిని కొనుటకు వచ్చినవారుగా కూర్చుండబెట్టి, ఏ డిస్కు ఏ యంత్రములో ఆడునో ఆమెకు ఇంటి భాషలో చెప్పుడు. ఆమెకు అర్థమైనదో లేదో ఆమెనే మరల చెప్పుమని కోరి తెలిసికొనుడు.

వ్రాసిన కాగితములను వచ్చే శుక్రవారములోపల తెలుగు తరగతిలో ఇయ్యవలెను.